ఆకు పట్టినవాడు

మాణిక్యం పాకలో గ్లాసులు ఉండవు. బందరు కాలవ గట్టున, ఉయ్యూరు దాటి కొంత దూరం పోతే, తాటాకు కప్పు కింద రెండు బల్లలు, పన్నెండు కల్లు కుండలు, గుమ్మం పక్కన మేకులు కొట్టిన చెక్క ఒకటి కనిపిస్తాయి. అదే పాక. ఆదివారాలు బెజవాడ బెంజ్ సర్కిల్ వైపు నుంచి కార్లేసుకొచ్చే కుర్రాఫీసర్లు "ప్లాస్టిక్ గ్లాసులన్నా లేవా ఆంటీ?" అంటారు. "రెండు చేతులున్నాయిగా నాయనా, అవి చాల్లే" అంటుంది మాణిక్యం. అక్కడ కల్లు తాగాలంటే ఎంతటివాడైనా ఆకు పట్టాల్సిందే.

ఆకు పట్టడం తెలియనివాళ్ళకి ముందు అది చెప్పాలి, లేకపోతే ఈ కథ అర్థం కాదు. లేత తాటాకుని దొన్నెలా మడిచి, రెండు కొసలూ రెండు చేతుల్తో పట్టుకుని, బల్ల అంచున కూచుని ముందుకి వంగి, అంచుకి మూతి ఆనించాలి. ఎదట నిలబడ్డవాళ్ళు కుండ వంచి పోస్తుంటే తాగాలి. ఒక్క చెయ్యి వదిలినా కల్లంతా ఒళ్ళోకి వస్తుంది. అంటే తాగినంతసేపూ మనిషికి చేతులు లేనట్టే. కళ్ళు ఆకులో ఉంటాయి. మెడ ఎదటివాళ్ళ దయ మీద ఉంటుంది.

అలాంటి చోట కట్టుబాట్లు లేకపోతే రోజుకో శవం లేస్తుంది. అందుకని మాణిక్యం మామగారి కాలం నుంచీ కొన్ని ఉన్నాయి. చెట్లు గీసేవాళ్ళు కత్తులు బయట మేకులకి తగిలించి లోపలికి రావాలి. పాకలో ఎవరి వస్తువు పోయినా, పాడైనా పాకవాళ్ళే ఇచ్చుకోవాలి. ఇవాళ కొట్టుకున్నవాళ్ళు రేపొచ్చి ఆకు పట్టాలి, అక్కడితో ఆ గొడవ ముగిసిపోవాలి. అన్నిటికన్నా పెద్దది ఒకటుంది. ఆకు పట్టినవాడి మీద చెయ్యెత్తకూడదు.

మాణిక్యం పందొమ్మిదో ఏట రత్తయ్యకి పెళ్ళామై వచ్చింది. వచ్చిన నెలకే కుండ చేతికిచ్చారు. ఇప్పటికి ముప్పై నాలుగేళ్ళు పోసింది. ఆ ఉద్యోగం ఎలాంటిదో ఆమె ఒళ్ళు చూస్తే తెలుస్తుంది. కుడి కనుబొమ్మ మీద చీలిక, పగిలిన కుండ పెంకుది. ఎడమ చిటికెన వేలు వంకర, ఇద్దరు వియ్యంకులు బల్ల ఎత్తి కొట్టుకుంటుంటే మధ్యలో దూరినందుకు. కింది వరసలో ఒక పన్ను లేదు. అది ఎవరు రాలగొట్టారో ఆమెకీ తెలీదు, ఆ రోజు అందరూ అందరినీ కొట్టారు. ఆమె మాత్రం తక్కువ తిందా? రోకలి బండ కుండల వెనకే ఉంటుంది. మోకాలి చిప్ప మీద ఒక్కటేస్తే ఎంత తాగినవాడైనా కూలబడతాడని ఆమె అనుభవం. కూలబడ్డవాడికి తనే పసుపు రాసి కట్టు కడుతుంది. కొట్టిన చేత్తోనే కట్టు కట్టడంలో ఆమెకి వింతేమీ లేదు.

రత్తయ్య వేరే రకం. మాటల మనిషి కాదు. మాఘమాసం నుంచి మృగశిర దాకా తెల్లారకముందే చెట్ల మీద ఉండేవాడు. అతనికున్న పిచ్చల్లా కల్లే. చెట్టు దిగిన కల్లు ప్రాణమున్న సరుకని నమ్మేవాడు. పొద్దున తియ్యగా, మధ్యాహ్నానికి పుల్లగా, సాయంత్రానికి మొరటుగా మారుతుంది. మూత బిగిస్తే పొంగి మూత ఎగరగొడుతుంది. నీళ్ళు కలిపితే నాలిక మీద పడగానే చెప్పేసేవాడు. "దాని బతుకు ఒక్కరోజు. ఆ ఒక్కరోజన్నా దాన్ని శుభ్రంగా బతకనివ్వండ్రా" అని తోటివాళ్ళని కసురుకునేవాడు. ఆ తోటివాళ్ళలో ముఖ్యుడు బసవపున్నయ్య. రెండు పొలాల అవతల చెట్లు గీసి, కుండలు ఈ పాకకే దించేవాడు. రత్తయ్యని అన్నా అని, మాణిక్యాన్ని వదినా అని పిలిచేవాడు. అతని తమ్ముడు జయకృష్ణకి అప్పుడు ముప్పై ఏళ్ళు. అన్నతోపాటే చెట్లెక్కేవాడు.

పన్నెండేళ్ళ కిందట, ఒక ఫాల్గుణ మాసంలో, బసవపున్నయ్య కల్లుని ప్లాస్టిక్ టిన్నుల్లో నింపి గవర్నర్‌పేట లాడ్జీలకి పంపుతున్నాడని రత్తయ్యకి తెలిసింది. పొంగకుండా ఏదో, తియ్యగా ఉండడానికేదో, మత్తెక్కడానికి ఇంకేదో పొడి. పైగా రత్తయ్య పాక కల్లని చెప్పి పంపుతున్నాడు. ఆ సాయంత్రం బసవపున్నయ్య పాకలోకి అడుగు పెట్టేసరికి రత్తయ్య ఒక టిన్ను బల్ల మీద పెట్టుకుని కూచున్నాడు.

"నా పేరు చెప్పి విషం పంపుతున్నావంట్రా పున్నయ్యా?"

"విషమేందన్నా? బెజవాడోళ్ళు లొట్టలేసుకుని తాగుతున్నారు. నీ పాతకాలపు సోది ఎవడిక్కావాలి?"

రత్తయ్య చేతికందిన కుండ ఎత్తి అతని నెత్తి మీద పగలగొట్టాడు. నెత్తురు, కల్లు కలిసి కారాయి. జయకృష్ణ అన్నకోసం ఎగిరి రత్తయ్య గొంతు పట్టుకున్నాడు. రత్తయ్య వైపు నలుగురు, వాళ్ళ వైపు నలుగురు లేచారు. బల్ల కాలు విరిగింది. ఒకడి చెవి తెగింది. గుమ్మం దగ్గర తోపులాటలో మేకుల చెక్క ఊడి కాలవలో పడింది. దాంతోపాటు జయకృష్ణ తగిలించుకున్న మోకు కూడా పడి, నీళ్ళ వడికి కొట్టుకుపోయింది. మోకంటే చెట్టెక్కేటప్పుడు నడుముకీ చెట్టుకీ కలిపి వేసుకునే లావుపాటి తాడు. గీసేవాడి ప్రాణం దాని మీదే వేలాడుతుంది.

మాణిక్యం రోకలి బండతో ఇద్దర్ని కూలేసి, మూడోవాణ్ణి జుట్టు పట్టి బయటికి ఈడ్చి, వెనక్కి తిరిగేసరికి బసవపున్నయ్య నేల మీద కూచుని ఉన్నాడు. నెత్తి చీలి, కళ్ళలోకి నెత్తురు దిగుతోంది. ఆమె గుడ్డ కోసం చుట్టూ చూసింది. చూరుకి వేలాడుతున్న రెండు మోకుల్లో ఒకదానికి ఎర్రగుడ్డ కట్టి ఉంది. చర్రున లాగి, అతని నెత్తికి గట్టిగా చుట్టి ముడేసింది. "రేపొచ్చి ఆకు పట్టు, ఇద్దరూ ఆకు పట్టండి" అని చెప్పి ఇంటికి తోలింది.

ఇక్కడే జరిగింది పొరపాటు. అరిగిపోయిన మోకుని రత్తయ్య పారేసేవాడు కాదు. ఇన్నాళ్ళూ మోసిందన్న మర్యాదకి దానికి ఎర్రగుడ్డ కట్టి చూరుకి వేలాడదీసి, గీత కాలం అయిపోయాక కాలవలో వదిలేవాడు. ఎర్రగుడ్డ ఉందంటే ఆ మోకు పని అయిపోయిందని గుర్తు. మాణిక్యానికి ఆ సంగతి తెలుసు, ఆ ఇంట్లో పిల్లికి కూడా తెలుసు. కానీ కళ్ళ ముందు నెత్తురు కారుతుంటే ఆమెకి గుడ్డే కనపడింది, గుర్తు కనపడలేదు.

మర్నాడు పొద్దు పొడుస్తుండగా జయకృష్ణ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. మొహం మాడ్చుకుని ఉన్నాడు. "నా మోకు మీ పాకలో పోయింది. ఇంకోటియ్యండి" అన్నాడు. కట్టుబాటు ప్రకారం ఇవ్వాల్సిందే. రత్తయ్య అప్పటికే రోజూ వాడే మోకుతో కాలవ అవతల చెట్ల మీద ఉన్నాడు. మాణిక్యం చూరు నుంచి చేతికందిన మోకు తీసి ఇచ్చింది. అతను భుజాన వేసుకుని వెళ్ళాడు.

గంట తిరక్కుండానే కబురొచ్చింది. మోకు తెగి జయకృష్ణ నడిచెట్టు మీంచి వెల్లకిలా పడ్డాడు. కింద తూము రాయి ఉంది. నడుము రాయి మీద, తల గట్టు మీద. మాణిక్యం ఒక్క ఉరుకున పాకలోకి పోయి చూరు చూసింది. మిగిలి ఉన్నది కొత్త మోకు.

రత్తయ్య పదింటికి కుండలు దించుకొచ్చాడు. జయకృష్ణ పడ్డాడని దార్లోనే విన్నాడట, ఏ మోకని ఎవరూ చెప్పలేదు. అతను తల పట్టుకుని కూచుంటే చెబుదామని మాణిక్యం రెండుసార్లు నోరు తెరిచింది. రెండుసార్లూ మూసుకుంది. నా వల్ల చచ్చాడు అన్న మాట నోటి దాకా తేవడం అంత సులువా? మధ్యాహ్నం చెబుదాం అనుకుంది.

మధ్యాహ్నం బసవపున్నయ్య వచ్చాడు. తమ్ముడు పెద్దాసుపత్రి దారిలోనే పోయాడు. నెత్తికి అదే ఎర్రగుడ్డ, సగం నల్లబడి ఉంది. భుజాన తెగిన మోకు. రత్తయ్య లేచి గుమ్మం దగ్గరికి వెళ్ళాడు. బయట ఇద్దరూ ఏదో మాట్లాడుకున్నారు. మాణిక్యం లోపల మూలన కుండలు సర్దుతోంది, మాటలు వినపడలేదు. కాసేపటికి రత్తయ్య ఒక్కడే లోపలికొచ్చి బల్ల అంచున కూచుని, ఆకు మడిచి, "మాణిక్యం, పొయ్యి" అన్నాడు. నిన్న కొట్టుకున్నవాళ్ళు ఆకు పట్టాలి కదా, రాజీకొచ్చాడు అనుకుందామె. బసవపున్నయ్య వెనకే వచ్చి నిలబడ్డాడు. ఆమె కుండ వంచింది.

రత్తయ్య రెండు గుక్కలు తాగాడు. బసవపున్నయ్య భుజం మీది మోకు మడతల్లోంచి గీత కత్తి బయటికొచ్చింది. మొదటి వేటు మెడ మీద. రత్తయ్య చేతులు ఆకుని వదల్లేదు. రెండోది వీపులో. మూడోదానికి ఆకు జారింది. మాణిక్యం చెయ్యి మాత్రం కుండ వంచుతూనే ఉంది. పోసి పోసి అలవాటైన చెయ్యి, ఆపమని చెప్పేవాళ్ళు లేక, కుండ ఖాళీ అయ్యేదాకా మొగుడి నెత్తురు మీద కల్లు పోసింది. తర్వాత అరిచింది. ఆ అరుపు కాలవ అవతలికి వినపడిందంటారు.

ఎస్సై వచ్చి "ఆ మోకు జయకృష్ణకి ఎవరిచ్చారు?" అని అడిగాడు. మాణిక్యం "నాకు తెలవదండి" అంది. బందరు కోర్టులో మళ్ళీ అడిగారు. "తెలవదండి" అంది. కత్తిపోట్ల గురించి మాత్రం ఒక్కటి కూడా వదలకుండా చెప్పింది. బసవపున్నయ్యకి యావజ్జీవం పడింది. ఊళ్ళో మాత్రం ఇంకో తీర్పు పడింది. మోకు రత్తయ్యదని అందరూ గుర్తుపట్టారు. ముందురోజు గొడవ అందరూ చూశారు. పాడు మోకిచ్చి కుర్రాణ్ణి చంపాడు, తగిన శాస్తి అయింది అన్నారు. మాణిక్యం పాకలో కూచుని, మాణిక్యం పోసిన కల్లు తాగుతూ, మాణిక్యం వినేలాగే అన్నారు. ఆమె విని ఊరుకుంది. చచ్చిన మొగుణ్ణి హంతకుడంటుంటే నోరు మూసుకుని కుండ వంచింది. పన్నెండేళ్ళు.

ఆ పన్నెండేళ్ళూ ఆమె ఊరికే లేదు. మందు సీసాలు దొంగతనంగా అమ్మేవాళ్ళు పాక లేపెయ్యమని బెదిరించారు, లేపలేదు. ఒక పట్టపగలు వచ్చి కుండలన్నీ తన్ని, కప్పుకి నిప్పు పెట్టారు. ఆమె మండుతున్న వాసం ఊడబీకి, దాంతోనే వాళ్ళని సిమెంటు రోడ్డు దాకా తరిమింది. ఒకడి వీపు మీద ఆ మచ్చ ఇంకా ఉంది. మళ్ళీ పాక వేసింది, మళ్ళీ ఆకులే. గుమ్మం పక్కన కొత్త చెక్క కొట్టి, మొదటి మేకుకి రత్తయ్య కత్తి తగిలించింది. దానికి వారం వారం పదును పెట్టేది. ఎందుకని పక్కనే చేపలు వేయించి అమ్ముకునే అమలమ్మ అడిగేది. "తుప్పు పడుతుందని" అనేది మాణిక్యం. బసవపున్నయ్య ఎప్పటికైనా వస్తాడు, వచ్చి మెడ వంచి ఆకు పడతాడు, ఆ మెడ ఎలా నరకాలో ఆమె చేతికి తెలుసు. ఆ ఒక్క ఊహ మీద బతికింది. దాని కిందే రెండో ఊహ పడి ఉండేది. వాడికి నిజం చెప్పాలి. రెండూ చెయ్యడం కుదరదని కూడా ఆమెకి తెలుసు.

ఈ ఏడు జనవరి ఇరవయ్యారున సత్ప్రవర్తన ఖైదీల్ని విడుదల చేసినప్పుడు రాజమండ్రి జైలు నుంచి బసవపున్నయ్య బయటపడ్డాడు. ఫాల్గుణంలో ఒక మధ్యాహ్నం అమలమ్మ బాణలి వదిలేసి పరిగెత్తుకొచ్చింది.

"మాణిక్యక్కా, వాడొస్తున్నాడు. గట్టు మీద ఉన్నాడు. పాక మూసెయ్ అక్కా."

మాణిక్యం పాక మూయలేదు. బయటికెళ్ళి మొదటి మేకు నుంచి కత్తి తీసుకుని లోపలికొచ్చి కుండ వెనక పెట్టింది. కత్తి ఆ గుమ్మం దాటడం అది రెండోసారి. మొదటిసారి దాటించినవాడు జుట్టంతా తెల్లబడి, ఎముకల గూడులా గుమ్మంలో నిలబడ్డాడు. లోపల ఎనిమిది మంది తాగుతున్నారు.

"ఆకు పడతా వదినా" అన్నాడు బసవపున్నయ్య. "పోస్తే పొయ్యి. పొడిస్తే పొడువు."

కూచున్నాడు. ఆకు మడిచాడు. రెండు చేతులూ కొసల మీద పెట్టి వంగాడు. నెత్తి మీద పాత చీలిక తెల్లగా కనపడింది. ఆమె కుండ ఎడం చేతికి మార్చుకుంది. కుడి చెయ్యి వెనక్కి పోయి కత్తి పిడి పట్టుకుంది. ఒక్క వేటు. పన్నెండేళ్ళుగా పదును పెట్టిన వేటు. వీడు పోతే ఇక ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేదు. రత్తయ్య హంతకుడిగానే ఉండిపోతాడు.

ఆమె కుండ వంచింది. అతను గుక్క వేశాడు.

"పున్నయ్యా, తాగుతూ విను. మీరూ వినండ్రా అందరూ" అంది, గొంతు చించుకుని. "జయకృష్ణకి ఆ మోకు ఆయన ఇవ్వలేదు. నేనిచ్చాను. దానికున్న ఎర్రగుడ్డ లాగి నీ నెత్తికి కట్టింది నేను. గుర్తు పోయిన మోకుని పొద్దున్నే మంచిదనుకుని ఇచ్చింది నేను. ఆయనకి ఆ సంగతే తెలీదు. మోకెవరిచ్చారో తెలవదని కోర్టులో అబద్ధమాడింది కూడా నేనే."

ఆకు కింద పడింది. బసవపున్నయ్య రెండు చేతులూ ఆమె గొంతు మీద ఉన్నాయి. కుండ పగిలింది. ఆమె వీపు గుంజకి కొట్టుకుంది. ఎముకల గూడైనా చెట్లెక్కిన చేతులవి. కళ్ళ ముందు నల్లబడుతుంటే ఆమె కత్తి ఎత్తింది, ఎత్తి వదిలేసింది. అది కింద ఖంగుమంది. అమలమ్మ సలసల కాగే నూనె బాణలి పట్టుకుని గుమ్మంలో "వదల్రా! వదలకపోతే నెత్తిన పోస్తా, ప్రభువు మీద ఒట్టు!" అని కేకలేస్తోంది. అతనికి ఆ కేకలు వినపడలేదు. కింద పడిన కత్తిని చూశాడు. పిడి మీద రత్తయ్య తొలుచుకున్న రంధ్రం చూసి అది ఎవరిదో గుర్తుపట్టాడు. చేతులు సడలాయి.

వంగి కత్తి తీసుకున్నాడు. ఎనిమిది మందీ లేచి నిలబడ్డారు. అతను ఎవరికేసీ చూడకుండా బయటికి నడిచి, దాన్ని మొదటి మేకుకి తగిలించి, మళ్ళీ వచ్చి గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు.

"ఆయనకి తెలుసు వదినా" అన్నాడు.

మాణిక్యం గొంతు పట్టుకుని దగ్గుతోంది. "ఏం తెలుసు?"

"ఈ గుమ్మం బయటే అడిగా. ఈ మోకు మావాడికి ఎవడిచ్చాడని. మోకుని చేత్తో పట్టుకు చూశాడు. తర్వాత నా నెత్తిన గుడ్డ చూశాడు. గుడ్డనే చూశాడు, ఎంతసేపో. ఆ తర్వాత లోపలికి, నీకేసి చూశాడు. నేనే ఇచ్చాన్రా అన్నాడు."

అతను గుమ్మం వదిలి ఒక అడుగు లోపలికేశాడు.

"కావాలనే ఇచ్చావా అన్నాను. అవునన్నాడు. నాకు ఒళ్ళు తెలీలేదు. దాని చేత్తో ఒక్క ఆకు తాగనియ్యిరా, తర్వాత నీ ఇష్టం అన్నాడు. లోపలికొచ్చి కూచున్నాడు. నేను సగం కూడా తాగనివ్వలేదు వదినా."

"ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలా?"

"పొడవలేదని చెప్పమన్నాడు మా ప్లీడరు. పొడవనోడు ఏం విన్నానని చెబుతాడు? ఆయనే చంపాడని నమ్మా కాబట్టి జైల్లో నిద్రపోయా. ఇయ్యాళ్టి నుంచి ఎట్టా పోవాల?"

మాణిక్యం ఏడవలేదు. మెడ మీద అతని వేళ్ళు ఎర్రగా తేలి ఉన్నాయి. రత్తయ్య ఆకు పట్టి తనకేసి చూడకుండా తల వంచుకోవడం, "పొయ్యి" అన్నప్పుడు గొంతు మామూలుగానే ఉండడం, మెడ మీద వేటు పడ్డా చేతులు ఆకుని వదలకపోవడం, అన్నీ ఒక్కసారి అర్థమయ్యాయి. మొగుడి మీద ఆమెకి పట్టరాని కోపం వచ్చింది. అంత కోపం బసవపున్నయ్య మీద కూడా ఎప్పుడూ రాలేదు.

లేచి ఒక లేతాకు తీసుకుంది. ముప్పై నాలుగేళ్ళలో ఎన్నడూ కూచోని బల్ల మీద, రత్తయ్య కూచున్న చోట కూచుంది. ఆకు మడిచి రెండు కొసలూ పట్టుకుని తల వంచింది.

"కుండ తీసుకో పున్నయ్యా" అంది. "ఆయన తాగకుండా వదిలేసిన సగం నాకు పొయ్యి."

బసవపున్నయ్య కుండ ఎత్తాడు. పోసిన అలవాటు లేక సగం నేలపాలైంది. మిగతా సగం ఆమె ఆగకుండా తాగింది.